పన్నెండోసారి వెలిగిన ఇంజిన్ లైటు

నవంబరు 9, ఆదివారం
ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు

చిరంజీవి మనవరాలికి,

నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మ, మీ నాన్న, నేను ముగ్గురం క్షేమం. క్షేమమంటే ఎవరికీ జ్వరం లేదు, ఎవరూ మంచం పట్టలేదు, అంతవరకే. నువ్వూ అంతకు తక్కువ కాకుండా ఉన్నావని అనుకుంటున్నాను.

ఈ రోజే ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. నీ డ్రైవింగ్ టీచరు లైసెన్సు మీద రవాణా ఆఫీసులో రెండో విచారణ ఈ నెల 24, సోమవారం. ఇంకా పదిహేను రోజులుంది. ఉత్తరం నీకు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. ఈసారి కూడా కాదంటే మూడేళ్ళ దాకా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి వీల్లేదని వాళ్ళ నిబంధన. మొదటిసారి నీకు కాదని చెప్పింది నేను రాసిన కాగితం చూసే. ఆ కాగితం గురించి నీకు చెప్పవలసింది ఉంది. ఫోన్ చేస్తే "సర్లే నాయనమ్మా" అని పెట్టేస్తావు. పెట్టేయడంలో నీ తప్పు లేదు. పైగా ఫోన్‌లో చెప్పిన మాట విచారణలో చూపించుకోవడానికి పనికిరాదు. ఈ ఉత్తరం పనికొస్తుంది. ఎవరికి చూపించుకున్నా నాకు అభ్యంతరం లేదు. అందుకే నీకు తెలిసిన సంగతులు కూడా, తెలియనివాళ్ళు చదివితే అర్థమయ్యేలా వరసగా రాస్తున్నాను. విసుక్కోకు.

అక్టోబరు 20న నువ్వు రాసిన ఉత్తరం 24న అందింది. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి.

మొదటిది, మోకాలు. కుడి మోకాలి వాపు పూర్తిగా పోయింది. మెట్లు దిగేటప్పుడు మూడో మెట్టు దగ్గర కొంచెం కలుక్కుమంటుంది. డాక్టరు రోజుకు ఇరవై నిమిషాలు నడవమన్నాడు, నడుస్తున్నాను.

రెండోది, నీ బూట్లు. బండి నడిపేటప్పుడు మాత్రమే వేసుకునే ఆ పల్చటి బూట్లు మన డ్రైవింగ్ స్కూలు ఆఫీసు బీరువాలో కింది అరలో ఉన్నాయి. తుడిచి, పేపరు కుక్కి, అట్టపెట్టెలో పెట్టాను. రేపు పంపుతాను. కుడి బూటు అడుగు మడమ దగ్గర అరిగిపోయింది. ఎడమదాని అడుగు కొన్నరోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఆ తేడా నేను మొన్న పెట్టెలో పెడుతూ మొదటిసారి చూశాను. బీరువా తాళం మొదటి నుంచీ నా దగ్గరే ఉంది.

మూడోది, మన దగ్గర బండి నేర్చుకునే హారన్ మాస్టారు. అయిదోసారికి పాసయ్యాడు. పరీక్ష అధికారి పక్కన కూర్చుని, "మాస్టారూ, రోడ్డు ఖాళీగా ఉంది, ఎవరికి కొడుతున్నారు?" అంటే, "వచ్చేవాళ్ళకి" అన్నాడట. లైసెన్సు చేతికి రాగానే నా దగ్గరికొచ్చి, "పెద్ద టీచరు నాకు భయం నేర్పింది, చిన్న టీచరు బండి నేర్పింది. ఆవిడ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. నా ముఖం మీదే అన్నాడు. డెబ్భై ఏళ్ళ మనిషిని, అందులోనూ సంతోషంగా ఉన్న మనిషిని ఏమనగలను? తెలియదన్నాను.

నాలుగోది, "ఇంజిన్ లైటు ఆరిందా?" అని ఒకే ముక్క. ఎగతాళికి రాశావో, నిజంగా తెలుసుకోవాలని రాశావో నాకు తెలియలేదు. ఏదైనా ఒకటే. దానికి జవాబు ఒక్క ముక్కలో రాయడం కుదరదు కాబట్టి మొదటి నుంచి రాస్తాను.

మీ నాన్న వంతెన పని మీదే ఉన్నాడు. నెలకు రెండు ఆదివారాలు వస్తాడు. ఈ ఆదివారం వచ్చాడు, పక్క గదిలో నిద్రపోతున్నాడు. మనిద్దరి సంగతి ఎత్తితే, "మీ ఇద్దరి మధ్య దూరితే నాకు రెండు వైపులా దెబ్బలే. నన్ను వదిలేయండి" అంటాడు. చిన్నప్పటి నుంచీ వాడంతే. ఇంట్లో కేకలు వినబడితే చెప్పులు వెతుక్కుంటాడు.

ఇక లైటు.

తెల్ల బండి మన స్కూలుకు మార్చి 21న వచ్చింది. గేర్లు తనే మార్చుకునే బండి మనకు అదే మొదటిది. అదే వారం పక్క సీటు ముందు రెండో బ్రేకు బిగించారు. నేర్చుకునేవాడు తడబడితే టీచరు తొక్కడానికి ఒక పెడలు, దాని నుంచి డ్రైవరు బ్రేకు దాకా ఒక ఇనుప కడ్డీ. ఇక్కడ తొక్కితే అక్కడ కదులుతుంది. ఇది కాక రెండు అదనపు అద్దాలు, పైన స్కూలు పేరున్న దీపపు బోర్డు. పన్నెండు రోజులకు, ఏప్రిల్ 2న, గోదాముల రోడ్డు మీద ఇంజిన్ లైటు వెలిగింది. బండి ఊపు తగ్గిపోయింది. నడుపుతున్నది నువ్వు. నన్ను ఇంటి నుంచి స్కూలుకు తీసుకెళ్తున్నావు.

చెవి మేస్త్రి వచ్చాడు. పొడుగు స్క్రూడ్రైవరు ఇంజిన్‌కు ఆనించి రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటాడని నువ్వే ఆయనకు ఆ పేరు పెట్టావు. స్కానరు తగిలించి, "బ్రేకు, యాక్సిలరేటరు రెండూ ఒకేసారి తొక్కినట్టు చూపిస్తోంది. కొత్త బండి కదా, బ్రేకు స్విచ్ సరిగ్గా కూర్చోలేదేమో" అన్నాడు. స్విచ్ మార్చాడు, స్కానరులో పడిన తప్పు కోడ్ చెరిపాడు. తనే ఎక్కి ఊరంతా తిప్పాడు. లైటు రాలేదు. మూడో రోజు నువ్వు నన్ను తీసుకెళ్తుంటే వచ్చింది.

ఆ తర్వాత ఏం మార్చామో నా పుస్తకంలో తేదీలతో ఉంది. స్విచ్ రెండోసారి మార్చాం. బోర్డు దీపానికి కలిపిన వైరు బ్రేకు వైరు నుంచి విడదీశాం. ఆక్సిజన్ సెన్సరు అనవసరంగా మార్చాం. అది ఆయన వద్దన్నా నేను పట్టుబట్టి మార్పించాను. జూన్ 7న యాక్సిలరేటరు పెడలు మొత్తం మార్చాక పదిహేను రోజులు లైటు రాలేదు. మేస్త్రిని మెచ్చుకున్నాను కూడా. జూన్ 23న మళ్ళీ వచ్చింది. ఇంకో సంగతి, బ్రేకు ప్యాడ్లు. ఏడాది రావలసినవి నాలుగు నెలలకే అరిగిపోయాయి. "ఎవరో బ్రేకును బాగా ప్రేమిస్తున్నారు" అన్నాడు మేస్త్రి. అప్పుడు నేను నీవైపు చూశాను.

ఏప్రిల్ 2 నుంచి జూలై 24 వరకు పదకొండుసార్లు లైటు వెలిగింది. పదకొండుసార్లూ స్టీరింగు నీ చేతిలోనే ఉంది. శిక్షణలో భాగంగా నువ్వు పాఠాలు చెప్పే వేళల్లో, విద్యార్థులు నడుపుతున్నప్పుడు, ఒక్కసారి కూడా రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నదాన్ని, లెక్కల్లో డిగ్రీ చదివినదాన్ని. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. గేర్లు లేని బండిలో ఎడమకాలికి పని లేదు. ఖాళీగా ఉన్న కాలు బ్రేకు మీదికి పోతుంది. మొదటి పాఠం రోజునే ప్రతివాళ్ళకీ, "ఎడమకాలు ఇంట్లో వదిలేసి వచ్చాననుకో" అని చెప్పేది నేనే. నా మనవరాలు, రేపు నా బోర్డు కింద కూర్చుని పాఠం చెప్పవలసిన మనిషి, రెండు కాళ్ళతో నడుపుతోందని నిర్ణయించుకున్నాను. జూలై 28న, ఇద్దరు విద్యార్థులు వింటుండగా, "లోపం బండిలో లేదు, నీ కాళ్ళలో ఉంది" అన్నాను. నువ్వు తాళం బల్ల మీద పెట్టావు. ఆగస్టు 2న ఊరొదిలి వెళ్ళి, ఆ బస్సు డిపోలో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్నావు.

నువ్వు వెళ్ళాక లైటు రాలేదు. జీతానికి పెట్టుకున్న కొత్త టీచరు పాఠాలు చెప్పాడు, విద్యార్థులు నడిపారు, లైటు లేదు. సెప్టెంబరులో రవాణా ఆఫీసు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నువ్వు శిక్షణ పొందిన స్కూలు యజమానిగా నువ్వు బండి నడిపే తీరు మీద అభిప్రాయం రాయమన్నారు. సెప్టెంబరు 12న రాసి పంపాను. నకలు నా దగ్గరుంది. అందులో ఉన్నది ఇదీ:

"ఏప్రిల్ 2 నుంచి జూలై 24 వరకు బండి ఇంజిన్ లైటు పదకొండుసార్లు వెలిగింది. కారణం బ్రేకు, యాక్సిలరేటరు ఒకేసారి తొక్కడమని స్కానరు చూపింది. పదకొండుసార్లూ బండి నడిపినది దరఖాస్తుదారే. ఇతరులు నడిపినప్పుడు ఒక్కసారీ రాలేదు. ఆమె వెళ్ళిన తర్వాత నలభై ఒక్క రోజులుగా రాలేదు. ఇటువంటి అలవాటు ఉన్నవారు ఇతరులకు నేర్పడానికి తగరని నా అభిప్రాయం."

చదివి చూసుకో. ఒక్క అంకె తప్పు లేదు.

అక్టోబరు 6 నుంచి నేను మళ్ళీ స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మోకాలు వాచి జూలై 29 నుంచి ఇంట్లోనే ఉన్నానని నీకు తెలుసు. బండి మీ అమ్మ నడిపింది. నాలుగో రోజు, 9వ తేదీ గురువారం, గోదాముల రోడ్డు మీద లైటు వెలిగింది. పన్నెండోసారి.

మీ అమ్మ ముందు లైటు వైపు, తర్వాత నా వైపు చూసింది.

"అత్తయ్యా, ఇదేనా ఆ లైటు?"

"ఇదే. నీ ఎడమకాలు ఎక్కడుంది?"

"నా దగ్గరే ఉంది. ఎక్కడికి పోతుంది?"

"పిల్లకు ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది" అన్నాను.

మీ అమ్మ బండి పక్కకు తీసి ఆపింది. తాళం తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇరవై ఆరేళ్ళ నుంచి మీ ఇంట్లో ఉన్నాను. మీరేమన్నా పడ్డాను. పిల్లను అన్నప్పుడు కూడా నోరు మూసుకున్నాను, పెద్దావిడ లెక్క తప్పదని. ఇక మీరు, మీ లైటు ఇక్కడే కూర్చోండి" అని చెప్పి నడిచి వెళ్ళిపోయింది. నేను నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ మోకాలితో నేను బండి నడపలేనని ఆమెకు తెలుసు. చివరికి చెవి మేస్త్రి స్కూటరు వేసుకుని వచ్చాడు. మీ అమ్మే పంపింది.

"టీచరమ్మా, చిన్న టీచరు ఊళ్ళో లేదు. ఈసారి ఎవర్ని అంటారు?" అన్నాడు.

"నీ పని నువ్వు చూడు."

"నా పనే చెబుతున్నా. ఇన్నాళ్ళూ బండిని విప్పి చూశా. మీరు దాంట్లో వెళ్తుంటే ఎప్పుడూ చూడలేదు. సోమవారం వెనకాల వస్తా."

నిజమే. ఆయన బండి పరీక్షించిన ప్రతిసారీ నేను ఆఫీసులో కుర్చీలో ఉన్నాను. సీటు మీద గ్రీజు గుడ్డ వేసి నడుపుతాడని నేనెప్పుడూ ఆయన పక్కన ఎక్కలేదు.

అక్టోబరు 13, సోమవారం. బతిమాలితే గాని మీ అమ్మ ఎక్కలేదు. బతిమాలింది మేస్త్రి, నేను కాదు. మేం ముందు, ఆయన స్కూటరు మీద వెనక. గోదాముల రోడ్డులో సగం దూరం వెళ్ళామో లేదో, హారన్ మాస్టారికి తమ్ముడిలా హారన్ కొట్టుకుంటూ పక్కకు వచ్చి, ఆపమని చెయ్యి ఊపాడు. పరుపుల షాపు ముందు ఆపాం. కిటికీలోంచి తల లోపల పెట్టి మీ అమ్మతో, "అమ్మా, ఈ రోడ్డంతా బ్రేకు లైట్లు వెలిగే ఉన్నాయి. స్పీడు తగ్గట్లేదు, లైట్లు ఆరట్లేదు. బ్రేకు ఎందుకు తొక్కుతున్నారు?" అన్నాడు.

"నేను తొక్కలేదయ్యా."

ఆయన కిందికి చూశాడు. మీ అమ్మ కాళ్ళ వైపు చూశాడు. తర్వాత చూపు ఇటు జరిగింది. మీ అమ్మ కూడా ఇటే చూసింది. అప్పుడు నేను కూడా కిందికి చూశాను.

నా కుడికాలు రెండో బ్రేకు మీద ఉంది.

"నేను తొక్కడం లేదు. ఊరికే పెట్టుకున్నానంతే" అన్నాను.

"పెట్టుకుంటే చాలు టీచరమ్మా. ఇది కంప్యూటరు బండి. చీమ ఎక్కినా రాసుకుంటుంది. మీ పాత బండ్లకు ఈ పట్టింపు లేదు, అవి ఎవరికీ చాడీలు చెప్పేవి కాదు."

నేను నమ్మలేదు. బండిని వెనక్కి తిప్పి, పరుపుల షాపు అద్దానికి వీపు పెట్టి ఆపమన్నాను. పక్క అద్దంలో చూస్తే మన బండి వెనక లైట్లు ఆ షాపు అద్దంలో కనబడుతున్నాయి. కాలు ఆనించాను, ఎర్రగా వెలిగాయి. తీశాను, ఆరిపోయాయి. ఆరుసార్లు చేశాను. నాలుగోసారికే మేస్త్రి, "చాలమ్మా" అన్నాడు. లోపల పరుపు బేరమాడుతున్న దంపతులు కూడా చూడటం మొదలుపెట్టారు. నేను ఇంకో రెండుసార్లు చేశాను.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. నా గడులు నీకు తెలుసు: తేదీ, వేళ, కిలోమీటర్లు, వాన ఉందా లేదా, నడిపినది ఎవరు. పక్కన కూర్చున్నది ఎవరు అనే గడి లేదు. అది రాయవలసిన సంగతని ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కరోజూ తోచలేదు. పదకొండు వరసల పక్కనా ఆ వేళ నేనెక్కడున్నానో ఇప్పుడు పెన్సిలుతో రాశాను. పదకొండుసార్లూ పక్క సీట్లోనే. తెల్ల బండిలో విద్యార్థులకు పాఠం చెప్పినది నువ్వే, నేను పాత బండ్లలోనే చెప్పేదాన్ని. జూన్‌లో లైటు రాని ఆ పదిహేను రోజులు నేను మోకాలి చికిత్సకు ఉదయం ఆసుపత్రికి ఆటోలో వెళ్ళిన రోజులు. కొత్త పెడలు గొప్పతనం ఏమీ లేదు. ఆ డాక్టరు నా పిక్క నొక్కి చూసి, "మీరు కుట్టుమిషను తొక్కుతారా?" అని అడిగాడు. లేదని చెప్పాను, ఆయనేదో తెలియక అడిగాడని నవ్వుకున్నాను కూడా. నువ్వు వెళ్ళాక లైటు రాని నలభై ఒక్క రోజులూ నేను మంచం మీద ఉన్నాను.

నీకు మామూలు డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన ఏడు నిన్ను ఒకసారి మెచ్చుకున్నాను. "నీ పక్కన కూర్చుంటే నా కాలికి సెలవు" అని. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని నిన్ను మెచ్చుకున్న గుర్తు నాకు లేదు. ఆ మాట నువ్వు ఎంతమందికి చెప్పుకున్నావో కూడా నాకు తెలుసు. అది అబద్ధం. అబద్ధమని నాకు తెలియదు, నా కాలికి తెలుసు. నీ పక్కన కూర్చున్న ప్రతిరోజూ నేను నిన్ను నమ్మలేదు, నమ్మానని అనుకున్నాను.

ఇంతవరకూ రాసినది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు, సరిదిద్దుకుంటారు. ఇక్కడితో ఆపి సంతకం పెడదామని ఇప్పుడే ఒకసారి అనుకున్నాను కూడా. కానీ పైన జూలై సంగతి రాసినప్పుడు మూడు రోజులు వదిలేశాను. నువ్వు చదువుతూ ఈపాటికి గమనించే ఉంటావు.

జూలై 22, 23, 24. నీ ఎడమకాలి మీద నా అనుమానం మొదట నీతో ఒంటరిగా చెప్పింది 21 రాత్రి భోజనాల దగ్గర. "కాలు కట్టేసుకుని నడుపుతా, అప్పుడైనా నమ్ముతావా?" అన్నావు. నడపమన్నాను. మూడు రోజులు ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టుకుని నడిపావు. నేను పక్కన కూర్చుని ఆ కాలినే చూస్తూ వచ్చాను. అది కదల్లేదు. 24న లైటు వెలిగింది, పదకొండోసారి. నువ్వు బండి ఆపి నవ్వావు. "చూశావా నాయనమ్మా!" అన్నావు. నేనేమన్నాను? "అయితే కుడికాలే. పాదం అడ్డంగా పెడుతున్నావు, బ్రేకు అంచుకు తగులుతోంది" అన్నాను.

"అంటే నా రెండు కాళ్ళూ దొంగలే. చేతులు కూడా ఉన్నాయి, వాటి సంగతి కూడా తేల్చెయ్" అన్నావు.

ఆ మూడు రోజులూ నా పుస్తకంలో ఉన్నాయి. "ఎడమకాలు సీటు మీద. లైటు వచ్చింది" అని నా చేత్తోనే రాసుకున్నాను. రవాణా ఆఫీసుకు రాసేటప్పుడు పుస్తకం నా ముందే తెరిచి ఉంది. అన్ని వరసలూ చూసి రాశాను. ఆ వరస దగ్గరికి వచ్చి, దాన్ని దాటి కింది వరసకు వెళ్ళాను. మరిచిపోలేదు. అది రాస్తే ఆ అధికారి "మరి తొక్కినది ఎవరు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న నాకూ వచ్చింది. రాగానే పక్కకు నెట్టేశాను.

ఎందుకంటే చెబుతాను. లైసెన్సు నీకొస్తే పక్క సీటు నీది అవుతుంది. విద్యార్థులు అప్పటికే నిన్ను అడుగుతున్నారు. ఆ సీటు పోతే నేను ఎక్కడ కూర్చోవాలో నాకు తెలియలేదు. డెబ్భై మూడేళ్ళు వచ్చినదానికి ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. సిగ్గుగా ఉందని రాయకుండా ఉంటే ఇంకో వరస దాటేసినట్టవుతుంది.

ఇంకొకటి. పరుపుల షాపు దగ్గర తెలిసింది అక్టోబరు 13న. ఈ రోజు నవంబరు 9. ఇరవై ఏడు రోజులు. నీ ఉత్తరం అందాక కూడా పదహారు రోజులు. మీ అమ్మ నీకు ఫోన్ చేసి ఒక్క మాటతో చెప్పేయగలిగేది. చెప్పలేదు. ఆ సాయంత్రం నాతో, "ఇది నేను చెబితే చాడీ అవుతుంది, మీరు చెబితే న్యాయమవుతుంది. మీరే రాయండి" అంది. ఆ తర్వాత రోజూ పొద్దున కాఫీ గ్లాసు పక్కన ఒక తెల్ల కాగితం, పెన్ను పెట్టి వెళ్తోంది. సాయంత్రం ఆ కాగితం ఖాళీగానే తీసి సొరుగులో పెడుతోంది. తిట్టదు, అడగదు. ఆరో రోజుకు నాకు కోపం వచ్చి, "ఏమిటీ నాటకం?" అన్నాను. "కాగితం అత్తయ్యా" అంది. నిన్న పొద్దున మాత్రం కాగితం పెట్టలేదు. ఏమని అడిగితే, "ఇక నేనే ఫోన్ చేస్తా. రేపటిదాకా చూస్తా" అంది. అంటే ఈ ఉత్తరం కూడా నా అంతట నేను రాసినది కాదు. అది కూడా తెలుసుకో.

నిన్ను క్షమించమని అడగను. అడిగితే, ఇవ్వాలా వద్దా అనే బరువు కూడా నీ మీద పడుతుంది. నీ మీద వేసింది చాలు. నువ్వు టిక్కెట్లు కోస్తూ గడిపిన ఈ మూడు నెలల ఏడు రోజులను నేను తిరిగి ఇవ్వలేను. ఇక జరగవలసినవి రాస్తాను.

1. సెప్టెంబరు 12 నాటి నా అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటూ కొత్త కాగితం రాశాను. చెవి మేస్త్రి, మీ అమ్మ సాక్షి సంతకాలు పెట్టారు. అసలు రేపు రిజిస్టరు పోస్టులో రవాణా ఆఫీసుకు వెళ్తుంది. నకలు ఈ ఉత్తరంతో ఉంది. కవరులో అది లేకపోతే వెంటనే మీ అమ్మకు ఫోన్ చెయ్.

2. పుస్తకంలో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు పేజీలు కూడా కాగితంతో జతచేశాను. జూలై 22, 23, 24 వరసలు వాటిలో ఉన్నాయి.

3. విచారణ 24న పదకొండు గంటలకు. నేను, మీ అమ్మ, మేస్త్రి పదిన్నరకు అక్కడ ఉంటాం. హారన్ మాస్టారు కూడా వస్తానన్నాడు. వద్దన్నాను. వస్తాడు.

4. అధికారి నన్ను ప్రశ్నలు అడిగేటప్పుడు నువ్వు అడ్డం రాకు. "పెద్దావిడ, తెలియక చేసింది" అనకు. తెలిసి చేసినది ఎంతో నేనే చెబుతాను.

5. నా టీచరు లైసెన్సుకు వచ్చే మార్చితో గడువు తీరుతుంది. మళ్ళీ రాయించుకోను. నీకు వచ్చినా రాకపోయినా ఇందులో మార్పు లేదు.

6. రెండో బ్రేకు బండిలోనే ఉంటుంది, విద్యార్థులకు అవసరం. అక్టోబరు 14 నుంచి నేను వెనక సీట్లో కూర్చుంటున్నాను. లైటు మళ్ళీ రాలేదు. నీ నాలుగో ప్రశ్నకు జవాబు అదే.

7. విచారణ అయ్యాక నువ్వు ఇంటికి వస్తావో, తిరిగి డిపోకు వెళ్తావో నీ ఇష్టం. నన్ను పలకరించవలసిన పని లేదు. మీ అమ్మను మాత్రం పలకరించు.

8. నిర్ణయం పది రోజుల్లో పోస్టులో నీ పేరు మీద వస్తుంది. అదేమిటో నాకు రాయకు, మీ అమ్మకు రాయి. ఆమె నాకు చెబితే చెబుతుంది, లేకపోతే లేదు. నేను అడగను.

ఇట్లు,
నీ నాయనమ్మ